ఆఖరి బండి వచ్చేదాకా

ఫెస్టు దగ్గరపడింది. హాస్టల్ గ్రూపుల్లో మళ్లీ అదే చర్చ మొదలైంది: "ఈసారి బైక్ ర్యాలీ ఎక్కడికి?" నిరుడు అరకు వెళ్లాం కాబట్టి ఈసారి లంబసింగి అని కొందరు, కాదు మళ్లీ అరకే అని కొందరు. టీషర్టు రంగు మీద ఓటింగ్ కూడా అయిపోయింది. డీజే బండి ముందుండాలా, వెనకుండాలా అని రెండు రోజులు కొట్టుకున్నారు. ఇంత చర్చలో ఒక్కళ్లు కూడా అడగని ప్రశ్న ఒకటుంది. నిరుడు వచ్చినవాళ్లలో ఎంతమందికి ఆ ర్యాలీ నిజంగా బాగుంది?

నాకైతే బాగాలేదు. ఎందుకో చెప్తాను, తర్వాత మీరే తేల్చండి.

పొద్దున్నే ఆరింటికి నలభై బళ్ల దాకా బయల్దేరాం. నాది నాన్న స్ప్లెండర్. పెందుర్తి దాకా అందరం కలిసే ఉన్నాం, హారన్లు, కేకలు, ఫోన్లలో వీడియోలు, మహా సందడి. కొత్తవలస దాటేసరికి డ్యూకులు, ఆర్15లు కనిపించకుండా పోయాయి. ఎస్.కోట దగ్గరికొచ్చేసరికి నా ముందు ఎవరూ లేరు, వెనక ఎవరున్నారో తెలీదు. నలభై బళ్ల ర్యాలీలో ఒంటరిగా ఘాట్ ఎక్కుతున్నాను. టైడ దాటాక ఒక మలుపులో సెకండియర్ తమ్ముడొకడు కంకర మీద జారి పడి ఉన్నాడు. ముందువాళ్లని అందుకోవాలని తొందరపడ్డాడట. కాలర్ బోన్ విరిగింది. ఆగింది నేనూ, నా వెనకాలే యాక్టివా మీద వచ్చిన ఇంకో ఇద్దరూ. ఫోన్లో సిగ్నల్ లేదు. కిందికి దిగుతున్న జీపు డ్రైవరు ఒకాయన ఆపి, వాణ్ని ఎక్కించుకుని ఎస్.కోట ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పైన గాలికొండ దగ్గర ఫొటోలు దిగుతున్నవాళ్లకి ఈ సంగతి తెలియడానికి గంటన్నర పట్టింది.

వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. తెలిసిన వెంటనే కిందికి దిగారు, ఆసుపత్రి ఖర్చుకి డబ్బులు వేసుకున్నారు. లోపం ఒక్కటే. వెనకోడు వస్తున్నాడా లేదా అని చూసే పని ఎవరికీ అప్పజెప్పలేదు. ఎందుకంటే ర్యాలీ అంటే బళ్లేసుకుని వెళ్లడమే కదా, అందులో పనేముంది అనుకున్నాం.

అసలు "ర్యాలీ" అనే మాట మన దగ్గర ఎలా స్థిరపడిందో చూడండి. బైక్ ర్యాలీ అనగానే తెలుగువాడి కళ్ల ముందు కదిలేది జెండాలు కట్టిన బళ్లు, బండికి ముగ్గురు, ఒక్కడికీ హెల్మెట్ ఉండదు, సైలెన్సర్ పీకేసిన మోత, ముందు ఓపెన్ టాప్ జీపులో నాయకుడు. ఎన్నికలొస్తే రోజూ చూస్తాం. అక్కడ బండి బలం చూపించుకోడానికి, రోడ్డు మనదేనని చెప్పుకోడానికి. మన కాలేజీ ర్యాలీ కూడా తెలీకుండానే ఆ నమూనాలోకే జారిపోయింది. కానీ ఆ మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం మళ్లీ ఒకచోట చేరడం. చెదిరిపోయినవాళ్లు తిరిగి కలుసుకోవడం. చెదరగొట్టేది ర్యాలీ కాదు, కలిపేది ర్యాలీ. నిరుడు మనం చేసింది ఆ మాటకి సరిగ్గా వ్యతిరేకం.

ప్రపంచంలో పేరుమోసిన ర్యాలీలు ఎలా మొదలయ్యాయో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలో స్టర్జిస్ అనే చిన్న ఊరుంది. జనాభా ఏడువేలకి అటూ ఇటూ. 1938లో అక్కడి జాక్‌పైన్ జిప్సీస్ అనే బైకు క్లబ్బు చిన్న రేసు ఒకటి పెట్టింది. పోటీలో దిగినవాళ్లు తొమ్మిదిమంది. దాన్ని నడిపించిన క్లారెన్స్ హోయెల్‌ని అందరూ "పాపీ" అని పిలిచేవారు, అంటే మన నాన్నారు లాంటి పిలుపు. ఆయనకి బైకుల దుకాణం ఉండేది, వచ్చినవాళ్లని దాని వెనక స్థలంలోనే గుడారాలు వేసుకోనిచ్చాడు. చుట్టుపక్కల బ్లాక్ హిల్స్ కొండల్లో కలిసి తిరిగేవారు. ఈ రోజు ఆ ఊరికి ఏటా ఆగస్టులో లక్షల మంది వస్తారు, 2015లో 75వ ర్యాలీకి ఏడు లక్షలు దాటారని అక్కడి అధికారుల అంచనా. ఇప్పుడక్కడ పెద్ద పెద్ద సంగీత కచేరీలున్నాయి, కంపెనీల స్టాళ్లున్నాయి. కానీ దానికి వేరు ఎక్కడుందంటే, వచ్చినవాడికి పడుకోడానికి చోటిచ్చిన ఆ దుకాణం పెరట్లో ఉంది.

ఇంకోటి జర్మనీలోది. దాని పేరు ఎలెఫాంటెన్‌ట్రెఫెన్, అంటే ఏనుగుల కలయిక. 1956లో ఎర్న్‌స్ట్ లెవర్కుస్ అనే మోటార్‌సైకిల్ విలేకరి మొదలుపెట్టాడు. జుండాప్ కె.ఎస్. 601 అనే బండికి అప్పట్లో "పచ్చ ఏనుగు" అని ముద్దుపేరు, ఆ బళ్లున్నవాళ్ల కలయికగా మొదలైంది కాబట్టి ఆ పేరు నిలిచింది. తర్వాత అన్ని రకాల బళ్లకీ తలుపులు తెరిచారు. ఇప్పుడది బవేరియా అడవుల్లో జరుగుతుంది. ఎప్పుడనుకున్నారు? నడి చలికాలంలో. మంచు మీద గుడారం వేసుకుని, కింద గడ్డి పరుచుకుని, కట్టెలు మండించుకుని పడుకుంటారు. అయినా యూరప్ నలుమూలల నుంచి వేలమంది ఆ చలిలో బండి నడుపుకుంటూ వస్తారు.

ఎందుకొస్తారు? నా ఉద్దేశంలో, కష్టం అందరికీ సమానంగా ఉండటమే అక్కడి ఆకర్షణ. మంచులో ఎవడి బండి ఎంత ఖరీదైందన్న లెక్క ఉండదు. బండి బురదలో దిగబడితే పక్కవాడొచ్చి తొయ్యాలి, రేపు వాడిది నువ్వు తొయ్యాలి. మంట దగ్గర కూర్చున్నాక నువ్వెక్కణ్నుంచి వచ్చావు, దారిలో ఏమైంది అన్న కబుర్లే కాలక్షేపం. అంటే ర్యాలీలో అసలు సరుకు కబుర్లు. ఆ కబుర్లకి తీరిక, చోటు దొరికితే ర్యాలీ బాగుంటుంది. దొరక్కపోతే ఎంత డీజే పెట్టినా బాగుండదు.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే జావా వాళ్లని చూడండి. ఏటా జులై రెండో ఆదివారం అంతర్జాతీయ జావా దినం అని మన నగరాల్లో పాత జావా, యెజ్డీ బళ్లవాళ్లు కలుస్తారు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1960లో మొదలై, 1996లో మూతపడింది. అంటే ఆ కాలం నాటి బండి ఏదైనా సరే ఇప్పుడు ముప్పై ఏళ్లకి తక్కువది లేదు. కిక్ కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడా, మడిచి వెనక్కి లాగితే కిక్, ముందుకు తోస్తే గేరు. టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలపాలి. అలాంటి బండి స్టార్టవడమే ఒక పండగ. అవ్వకపోతే ఇంకా పెద్ద పండగ, ఎందుకంటే చుట్టూ పదిమంది చేరి, ఒకడు ప్లగ్గు విప్పి, ఒకడు కార్బొరేటర్ మీద తట్టి, ఒకడు "మా నాన్న బండికీ ఇదే జబ్బు" అని మొదలుపెడతాడు. అక్కడ తాతా మనవడూ ఒకే బండి గురించి సమానంగా మాట్లాడుకుంటారు. మనం ఇంజనీరింగ్ చదువుతున్నాం అని చెప్పుకుంటాం. ఒక ర్యాలీలో మనలో ఎంతమంది ఇంజన్ గురించి మాట్లాడుకున్నాం?

ఇక్కడే నాకు బాగా నచ్చే ఆట ఒకటి చెప్పాలి. స్లో రేస్. మన దేశంలో చాలా బైకు కలయికల్లో ఉంటుంది. గీతలు గీసిన సన్నటి దారిలో కాలు కింద పెట్టకుండా, ఆగిపోకుండా, అందరికన్నా ఆలస్యంగా అవతలి గీత దాటినవాడు గెలుస్తాడు. వేగంలో ఉన్న బండి తనని తాను చాలావరకు నిలబెట్టుకుంటుంది. నడక వేగానికి దించితే ఆ భారమంతా నడిపేవాడి మీద పడుతుంది. క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకు మీద పాదం ఆనించి, చూపు చక్రం మీద కాకుండా దూరంగా పెట్టాలి. మూడు లక్షల బండి మీద వచ్చినవాడు మొదటి పది అడుగుల్లోనే కాలు దించేస్తే, పాలు పోసే టీవీఎస్ ఎక్సెల్ మీద పెరిగిన కుర్రాడు కప్పు పట్టుకెళ్లొచ్చు. ఇంతకన్నా సమానత్వం ఉన్న ఆట నాకు తెలీదు. పైగా చూసేవాళ్లకి కడుపుబ్బ నవ్వు. ఆ నవ్వులో ఫైనలియర్ అన్నలు, ఫస్టియర్ పిల్లలు ఒకటైపోతారు.

"మావా, నువ్వు మరీ ముసలోడిలా మాట్లాడుతున్నావు. స్పీడ్ లేకపోతే బైకెందుకు, మ్యూజిక్ లేకపోతే ఎవడొస్తాడు?" అని నా రూమ్మేటే అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నాకూ స్పీడంటే ఇష్టమే. ఎస్.కోట ముందు తిన్నటి రోడ్డు మీద పొద్దుటి గాలి ముఖానికి తగులుతుంటే యాక్సిలరేటర్ దానంతటదే తిరుగుతుంది, అబద్ధమెందుకు. కానీ వేగానికి చోటు వేరే ఉంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, అక్కడ ఎదురుగా లారీ రాదు, మలుపులో మేకలు అడ్డం రావు. ఘాట్ రోడ్డు మీద రెండూ వస్తాయి. సంగీతం సంగతికొస్తే, గోవాలో జరిగే రైడర్ మానియా, 2023 నుంచి మోటోవర్స్ అంటున్నారు, అక్కడా పెద్ద వేదిక, పాటలు ఉంటాయి. తప్పేం లేదు. కానీ అక్కడ పాటలు బండి దిగాక, సాయంత్రం. మనం మాత్రం రోడ్డు మీద డీజే బండి వెనక నడుస్తూ, పక్కవాడి హారన్ కూడా వినపడకుండా చేసుకుంటున్నాం.

అంకెలు చెప్తే నీరసంగా ఉంటుందని తెలుసు, ఒక్కటే చెప్తాను. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో దాదాపు 44 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. నిరుడు మనవాడికి విరిగింది కాలర్ బోన్. హెల్మెట్ ఉంది కాబట్టి ఈ వ్యాసం ఈ స్వరంలో రాయగలుగుతున్నాను. ఆ రోజు నలభై బళ్లలో వెనక కూర్చున్నవాళ్లకి హెల్మెట్ ఉన్నది నేను చూసినంతవరకు నలుగురికో ఐదుగురికో. చట్టం ఇద్దరికీ పెట్టుకోమంటుంది. చట్టం మాట పక్కన పెట్టండి, ముందున్నోడి తల ఒక్కటే గట్టిగా ఉంటే చాలా?

అమ్మాయిల మాట కూడా చెప్పాలి. మన ర్యాలీలో అమ్మాయిలంటే వెనక సీటు, లేకపోతే జెండా ఊపడం. 2011లోనే ది బైకర్నీ అని ఆడవాళ్ల కోసమే ఒక బైకు బృందం మన దేశంలో మొదలైంది. మన కాలేజీలో రోజూ ముప్పై కిలోమీటర్లు స్కూటీ నడుపుకుంటూ వచ్చే అక్కలున్నారు. నిరుడు ఎందుకు రాలేదని ఒక అక్కని అడిగితే, "ఎక్కడ ఆగుతారో తెలీదు, ఆగినచోట బాత్రూం ఉంటుందో లేదో తెలీదు, అడిగితే నవ్వుతారు" అంది. ఇంతే కారణం. ఆగే చోట్లు ముందే అనుకుని, నాలుగు లైన్లలో రాసి పెడితే తీరిపోయే సమస్య. మనం టీషర్టు రంగు మీద పెట్టిన శ్రద్ధలో పదోవంతు చాలు.

ఇక దారిలో ఊళ్లవాళ్లు. వాళ్లు ర్యాలీకి రారు, కానీ ర్యాలీ వాళ్లింటి ముందు నుంచే పోతుంది. సైలెన్సర్ మార్చిన బండి మోతకి చంటిపిల్లలు లేస్తారు, సంతకి నడిచిపోయేవాళ్లు గట్టు దిగి నిలబడతారు. బొంగులో చికెన్ తిని, ఆ ఆకులూ ప్లాస్టిక్ గ్లాసులూ కాఫీ తోటల పక్కన పడేసి వస్తాం. ఎస్.కోట దగ్గర మేం ఆగిన టీకొట్టు అవ్వ మాత్రం, ఆ రోజు దెబ్బ తగిలినవాణ్ని దింపి నీరసంగా కూర్చున్న మాకు డబ్బులు తీసుకోకుండా టీ ఇచ్చింది. "ఏటి బాబూ, అంతమంది ఎల్లిపోనారు, మిమ్మల్ని ఎవులూ సూసుకోలేదా?" అంది. ర్యాలీ మొత్తానికి నాకు గుర్తున్న మంచి మాట అదొక్కటే. అందులో ఉన్న చురక కూడా గుర్తుంది.

సరే, విమర్శ చాలు. ఈసారి ఏం చేయొచ్చో చెప్తాను. ఇవేవీ నా కనిపెట్టినవి కావు, బైకు క్లబ్బులు ఎన్నాళ్లుగానో పాటిస్తున్నవే.

మొదటిది, నలభై బళ్లని ఒక్క గుంపుగా పంపొద్దు. ఏడెనిమిది బళ్ల చొప్పున జట్లు కట్టాలి. ప్రతి జట్టుకీ ముందొకడు, వెనకొకడు. వెనకవాడి పని ఎవ్వర్నీ దాటకుండా ఆఖర్న రావడం. ఆ పని జట్టులో అందరికన్నా బాగా నడిపేవాడికి ఇవ్వాలి, ఎందుకంటే సాయం చేయాల్సింది అతనే. అతని దగ్గర పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉండాలి. అన్నిటికన్నా తక్కువ సీసీ బండి, ముందున్నవాడికి సరిగ్గా వెనకాల ఉండాలి. అప్పుడు జట్టు వేగం ఆ బండి వేగమే అవుతుంది. మా నాన్న స్ప్లెండర్‌కి ఎట్టకేలకు ఒక గౌరవం దక్కుతుంది.

రెండోది, మలుపు దగ్గర మనిషి. దారి చీలే ప్రతిచోటా ముందువాడి వెనకున్న బండి ఆగి, దారి చూపించాలి. జట్టంతా పోయాక, ఆఖరివాడి ముందు మళ్లీ కలవాలి. ఇలా వంతులవారీగా అందరికీ ఆ పని వస్తుంది. ఫోన్ సిగ్నల్ లేని ఘాట్లో ఇంతకన్నా నమ్మకమైన మ్యాప్ లేదు. తిన్నటి రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు కొంచెం అటూ ఇటూగా నడవచ్చు, ఘాట్ మలుపుల్లో మాత్రం ఒకే వరుస, మధ్యలో చాలినంత ఎడం.

మూడోది, ముప్పై నలభై కిలోమీటర్లకి ఒకసారి ఆగడం. ఆగడమంటే ఫొటో కోసం కాదు. టీ కోసం, బాత్రూం కోసం, తలలు లెక్కపెట్టుకోవడం కోసం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. మూడుసార్లు ఆగితే గంట పోతుంది. పోనివ్వండి. ఆ గంటలోనే కదా పక్క బ్రాంచి వాడి పేరు తెలిసేది.

నాలుగోది, పైకి చేరాక స్లో రేసు పెట్టండి. ఎవరి బండి బాగు చేసుకోవడం వాళ్లకే నేర్పే ఒక గంట పెట్టండి. చెయిన్ బిగించడం, ప్లగ్గు శుభ్రం చేయడం, క్లచ్ వైరు మార్చడం. మెకానికల్ వాళ్లు నేర్పుతారు, మిగతా బ్రాంచిల వాళ్లు నేర్చుకుంటారు. సాయంత్రం పాటలు కూడా పెట్టుకుందాం, కొండ వినకుండా మనం వినేంత సౌండులో.

ఐదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆఖరి బండి వచ్చేదాకా ఎవ్వరూ టిఫిన్ మొదలుపెట్టకూడదు. ఇదొక్కటి పాటిస్తే పైవి నాలుగూ వాటంతటవే జరుగుతాయి. ఆకలి మీదున్న నలభైమంది, వెనకోడు ఎక్కడున్నాడా అని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటే, వచ్చేసారికి ఎవడూ వెనకోణ్ని వదిలి రాడు.

ఇలా చేస్తే నలభై బళ్ల బదులు ఇరవయ్యే రావచ్చు. రీల్స్‌కి వ్యూస్ తగ్గొచ్చు. తగ్గనివ్వండి. స్టర్జిస్‌లో మొదటి ఏడాది పోటీకి దిగింది తొమ్మిదిమందే.

కాలర్ బోన్ విరిగిన తమ్ముడు ఇప్పుడు థర్డియర్. నిరుడు మిడ్స్ పోయాయి, ల్యాబులు మళ్లీ చేసుకున్నాడు, చెయ్యి బాగానే ఉంది. మొన్న క్యాంటీన్లో కలిస్తే, ఈసారి వస్తావా అని అడిగాను. కాసేపు దోసె వైపు చూసి, "నా వెనక ఎవరుంటారో చెప్పన్నా, అప్పుడు చెప్తా" అన్నాడు.

ఈసారి నిర్వాహకులు ఎవరైనా సరే, వాడికి సమాధానం చెప్పాకే పోస్టర్ వెయ్యండి. ఎవరూ ముందుకు రాకపోతే ఆ ఆఖరి బండి నాదని రాసుకోండి. స్ప్లెండర్ ఎలాగూ వెనకే కదా ఉండేది!